ఫోను మారడమంటే ఇల్లు మారడమే!

* ఆండ్రాయిడ్‌ నుంచి ఐఫోనుకు.. ఆదమరిస్తే జ్ఞాపకాలు గల్లంతు
* పాతది చెరిపేసే ముందు నెల రోజులు ఆగడమే మేలు

తెనాలి గ్రామీణం: హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న కుమారుడు సంక్రాంతికి వచ్చి తండ్రి చేతిలో కొత్త ఐఫోను పెట్టాడు. అప్పటి వరకు ఆయన వాడింది ఆండ్రాయిడ్‌ ఫోను. తిరుగు ప్రయాణానికి ఒక్క రోజే గడువు. సిమ్‌ మార్చారు, పేర్లు, నంబర్లు ఎక్కించారు, వాట్సప్‌ తెరిచారు. పాత ఫోనులోని సమాచారమంతా చెరిపేసి అదే సాయంత్రం దుకాణంలో మార్పిడికి ఇచ్చేశారు. వారం తర్వాత ఆ పెద్దాయన వాట్సప్‌లో పాత సందేశాల కోసం వెతికితే ఒక్కటీ కనిపించలేదు. రెండేళ్ల క్రితం కన్నుమూసిన భార్య పంపిన వాయిస్‌ సందేశాలు అందులోనే ఉండేవి. బ్యాకప్‌ అనేది ఆయన ఏనాడూ పెట్టుకోలేదు. మందులు వేసుకున్నారా అని ఆమె అడిగిన అర నిమిషం మాట కోసం ఆయన ఇప్పటికీ ఫోను తిరగేస్తూనే ఉన్నారు.

ఇందులో తప్పు కొత్త ఫోనుది కాదు, కుమారుడిదీ కాదు. వాటంతట అవే వచ్చేవి ఏవో, మనం మోసుకెళ్లాల్సినవి ఏవో ముందుగా తెలియకపోవడమే నష్టానికి కారణం. ఇల్లు మారేవారు కొత్త ఇంట్లో పాలు పొంగించి, సామానంతా చేరిందో లేదో చూసుకున్నాకే పాత ఇంటి తాళం యజమానికి అప్పగిస్తారు. ఫోను విషయంలోనూ అదే పద్ధతి పాటిస్తే ఇటువంటి ఇబ్బందులు ఉండవు.

ఎందుకీ ఆకర్షణ?

దేశంలో వాడుకలో ఉన్న స్మార్ట్‌ఫోన్లలో నూటికి తొంభైకి పైగా ఆండ్రాయిడ్‌వే. చౌక ఫోను మొదలు ఖరీదైన మడత ఫోను వరకు అనేక సంస్థలు దాని ఆధారంగానే తయారు చేస్తున్నాయి. ఐఫోనును నడిపించే ఐఓఎస్‌ మాత్రం యాపిల్‌ ఫోన్లలో తప్ప మరెక్కడా ఉండదు. హోదా కోసం మారేవారు కొందరైతే, విదేశాల్లో ఉన్న పిల్లలతో ఫేస్‌టైమ్‌లో మాట్లాడేందుకు మారేవారు మరికొందరు. కొన్నేళ్లు వాడిన తర్వాత కూడా ఐఫోనుకు మంచి ధర పలుకుతుందన్నది ఇంకో కారణం.

పెళ్లి శుభలేఖ అనో, వాహన చలానా అనో వాట్సప్‌లో వచ్చిన ఏపీకే ఫైలును నొక్కి ఖాతాలోని సొమ్ము పోగొట్టుకున్న ఉదంతాలు విన్నవారు సైతం ఐఫోను వైపు చూస్తున్నారు. ఆ ఫైళ్లు ఐఫోనులో పనిచేయవన్న మాట వాస్తవమే. అయితే ఓటీపీ అడిగే ఫోన్లు, నకిలీ లింకులు, క్యూఆర్‌ కోడ్‌ మోసాలకు ఈ ఫోను, ఆ ఫోను అన్న తేడా లేదు. ఫోను మారినంత మాత్రాన అప్రమత్తత అక్కర్లేదనుకుంటే పొరపాటే.

అటు నుంచి ఇటు వచ్చేవారూ ఉన్నారు. తక్కువ ధర, నచ్చిన సంస్థను ఎంచుకునే వెసులుబాటు, మడత ఫోన్ల మీద ఆసక్తి వారిని ఆండ్రాయిడ్‌ వైపు తిప్పుతున్నాయి. ఒకప్పుడు ఏళ్ల తరబడి అప్‌డేట్లు ఐఫోనుకే వస్తాయన్న పేరుండేది. 2023లో పిక్సెల్‌ 8కు గూగుల్‌, 2024లో గెలాక్సీ ఎస్‌24కు శాంసంగ్‌ ఏడేళ్ల పాటు అప్‌డేట్లు ఇస్తామని ప్రకటించడంతో ఆ తేడా ఖరీదైన ఫోన్ల వరకు చాలా మేర తగ్గింది. చౌక ఫోన్లలో మాత్రం గడువు తక్కువే.

మిగిలినవి రెండు దారులే

ఐఫోను 2007 జూన్‌ 29న అమెరికాలో విడుదలైంది. 2005లో గూగుల్‌ సొంతం చేసుకున్న ఆండ్రాయిడ్‌తో నడిచే మొదటి ఫోను 2008 అక్టోబరులో వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో మన దేశంలో ఐఫోను 3జీ అమ్మకాలు మొదలయ్యాయి. అప్పటికి మన పల్లెల్లో నోకియాదే రాజ్యం. ఆ సంస్థ స్మార్ట్‌ఫోన్లు సింబియన్‌పై నడిచేవి. తర్వాత విండోస్‌ ఫోన్లు వచ్చాయి. 2019 డిసెంబరు 31తో వాటిలో వాట్సప్‌ నిలిచిపోయింది. బ్లాక్‌బెర్రీ సొంత వ్యవస్థతో నడిచిన పాత ఫోన్లకు 2022 జనవరి 4 నుంచి సంస్థ సేవలు ఆగిపోయాయి. 2023 జనవరిలో ఐఐటీ మద్రాసు నుంచి భార్‌ఓఎస్‌ను పరిచయం చేసినా, దుకాణానికి వెళ్లే సామాన్యుడి ఎదుట నేటికీ ఉన్నవి ఆ రెండు దారులే.

ఒక దారి నుంచి మరో దారికి మారడం ఎందుకు కష్టం? ఒకే కథను తెలుగులోనూ, తమిళంలోనూ విడివిడిగా రాసినట్లే, ప్రతి యాప్‌ను ఆండ్రాయిడ్‌కు ఒకసారి, ఐఓఎస్‌కు మరోసారి వేర్వేరుగా తయారు చేయాలి. పైకి వాట్సప్‌ రెండింటిలోనూ ఒకేలా కనిపిస్తుంది. లోపల సమాచారం దాచుకునే తీరు వేరు. పైగా ప్రతి యాప్‌ తన సమాచారాన్ని తన గదిలో పెట్టి తాళం వేసుకుంటుంది. మరో యాప్‌ ఆ గదిలోకి తొంగి చూడలేదు. భద్రత కోసం పెట్టిన ఈ తాళమే, మారే రోజున అడ్డంకిగా పరిణమిస్తోంది.

ఏవి వస్తాయి.. ఏవి రావు

ఆండ్రాయిడ్‌ నుంచి వచ్చేవారి కోసం యాపిల్‌ 2015లో ‘మూవ్‌ టు ఐఓఎస్‌’ అనే యాప్‌ను విడుదల చేసింది. దానిని పాత ఫోనులో వేసుకోవాలి. కొత్త ఐఫోనును మొదటిసారి సిద్ధం చేసే సమయంలో వచ్చే కోడ్‌ను అందులో నమోదు చేయాలి. పేర్లు, నంబర్లు, ఎస్‌ఎంఎస్‌లు, కెమెరాతో తీసిన ఫొటోలు, వీడియోలు, క్యాలెండర్‌, ఈమెయిల్‌ ఖాతాలు ఇలా వస్తాయి. ఐఫోను నుంచి ఆండ్రాయిడ్‌కు వచ్చేవారికి గూగుల్‌ అందిస్తున్న ‘ఆండ్రాయిడ్‌ స్విచ్‌’ ఉపయోగపడుతుంది. సమాచారం తరలుతున్నంత సేపు రెండు ఫోన్లనూ ఛార్జింగ్‌లో ఉంచాలి, మధ్యలో వేరే పని చేయకూడదు. ఫొటోలు ఎక్కువగా ఉంటే గంటల సమయం పట్టవచ్చు.

డబ్బు చెల్లించి కొన్న యాప్‌లు మాత్రం రావు. ప్లే స్టోర్‌లో కొన్నది యాప్‌ స్టోర్‌లో చెల్లదు, మళ్లీ కొనాల్సిందే. మెమరీ కార్డులో దాచినవాటిని ప్రత్యేకంగా చూసుకోవాలి, ఐఫోనులో ఆ కార్డు పెట్టే చోటే ఉండదు. పొలం పాసుపుస్తకం, బీమా పత్రం, పిల్లల ధ్రువపత్రాల పీడీఎఫ్‌లు చేరాయో లేదో ఒక్కొక్కటిగా తెరిచి సరిచూసుకోవాలి. పాత ఫోనులో కొన్ని పేర్లు సిమ్‌లోనూ, కొన్ని ఫోనులోనూ, కొన్ని గూగుల్‌ ఖాతాలోనూ ఉంటాయి. మారడానికి ముందే అన్నింటినీ గూగుల్‌ ఖాతాలోకి చేర్చుకుంటే ఎటు వెళ్లినా వెంట వస్తాయి.

ఫొటోల విషయంలో మరో లెక్క ఉంది. గూగుల్‌ ఖాతాకు ఉచితంగా 15 జీబీ నిల్వ లభిస్తుంటే, యాపిల్‌ ఐక్లౌడ్‌లో ఉచితంగా ఇచ్చేది 5 జీబీ మాత్రమే. గూగుల్‌ ఫొటోస్‌ను ఐఫోనులోనూ వాడుకోవచ్చు. కాబట్టి మారిన రోజే నెలవారీ రుసుము కట్టాల్సిన అవసరం లేదు.

వాట్సప్‌ దగ్గరే అసలు చిక్కు

తెనాలి పెద్దాయన నష్టపోయింది ఇక్కడే. ఆండ్రాయిడ్‌లో వాట్సప్‌ బ్యాకప్‌ గూగుల్‌ ఖాతాలోకి వెళ్తుంది, ఐఫోనులో ఐక్లౌడ్‌లోకి వెళ్తుంది. ఒకదానిని మరొకటి చదవలేదు. గూగుల్‌ ఖాతాలో భద్రంగా ఉంది కదా అనుకుని ఐఫోనులో వాట్సప్‌ తెరిస్తే పాత సందేశాలు రావు.

ఇందుకు పరిష్కారం లేకపోలేదు. ఐఫోను నుంచి ఆండ్రాయిడ్‌కు పాత సందేశాలను తరలించే వీలు 2021లో శాంసంగ్‌ ఫోన్లతో మొదలైంది. ఆండ్రాయిడ్‌ నుంచి ఐఫోనుకు తరలించే వీలు 2022లో వచ్చింది. ఐఫోనుకు వెళ్లేవారు ‘మూవ్‌ టు ఐఓఎస్‌’లో ఏవేవి తరలించాలో ఎంచుకునే చోట వాట్సప్‌ను కూడా ఎంచుకోవాలి. అయితే ఇందుకు ఐఫోను సరికొత్తదై ఉండాలి, లేదా అన్నీ చెరిపేసి మొదటి స్థితికి తెచ్చినదై ఉండాలి. రెండు ఫోన్లలోనూ ఒకే నంబరు వాడాలి. ముందే ఐఫోనును సిద్ధం చేసుకుని వాడటం మొదలుపెట్టిన వారికి సాధారణంగా ఈ దారి మూసుకుపోతుంది. మళ్లీ ఐఫోనును చెరిపి మొదటి నుంచి రావాల్సి ఉంటుంది. ఈ పద్ధతిలో కాల్స్‌ వివరాలు రావు, సందేశాలు, ఫొటోలు, వాయిస్‌ సందేశాలు వస్తాయి.

ఊరట కలిగించే విషయమేమిటంటే, తరలించిన తర్వాత కూడా పాత ఫోనులోని సందేశాలు అక్కడే ఉంటాయి. మనం చెరిపితేనే పోతాయి. ప్రాణప్రదమైన సందేశాలు ఉన్నవారు మరో జాగ్రత్త కూడా తీసుకోవచ్చు. ఆ వ్యక్తితో జరిగిన సంభాషణను తెరిచి, ‘ఎక్స్‌పోర్ట్‌ చాట్‌’ ద్వారా ఫొటోలు, వాయిస్‌ సందేశాలతో సహా ఈమెయిల్‌లోనో, కంప్యూటర్‌లోనో దాచుకోవచ్చు. దానిని తిరిగి వాట్సప్‌లోకి ఎక్కించడం కుదరకపోయినా, విడిగా తెరిచి వినవచ్చు.

చెల్లింపులకు కొంత విరామం

యూపీఐ యాప్‌లు సిమ్‌తో పాటు ఫోనును కూడా గుర్తు పెట్టుకుంటాయి. ఫోను మారితే మళ్లీ నమోదు చేసుకోవాలి. బ్యాంకులో ఇచ్చిన నంబరు గల సిమ్‌ కొత్త ఫోనులో ఉండాలి, దాని నుంచి ఎస్‌ఎంఎస్‌ వెళ్లేలా బ్యాలెన్స్‌ ఉండాలి. ఆండ్రాయిడ్‌లో అనుమతిస్తే ఆ సందేశం తనంతట తానే వెళ్లిపోతుంది. ఐఫోనులో సందేశం తెరపైకి వస్తుంది, పంపే గుర్తును మనమే నొక్కాలి. ఆ అక్షరాలను మార్చకూడదు. యూపీఐ పిన్‌ గుర్తుంటే పాతదే పనిచేస్తుంది.

ఫోను మారిన వెంటనే పెద్ద మొత్తాలు పంపడం కుదరకపోవచ్చు. ఆండ్రాయిడ్‌లో తొలి 24 గంటలు, ఐఫోనులో తొలి 72 గంటలు రూ.5 వేలకు మించి పంపనివ్వకుండా బ్యాంకులు పరిమితి విధిస్తున్నాయి. ఎరువుల కొనుగోలు, కళాశాల ఫీజు, ఆసుపత్రి ఖర్చు వంటివి ముందున్నప్పుడు ఫోను మార్చకపోవడమే మంచిది. యూపీఐ లైట్‌లో ఉంచుకున్న సొమ్ము ఆ ఫోనుతోనే ముడిపడి ఉంటుంది గనుక, దానిని ముందే బ్యాంకు ఖాతాకు మళ్లించుకోవాలి. సాయం చేస్తున్నారు కదా అని దుకాణంలోని వారికైనా, ఫోనులో మాట్లాడే వారికైనా పిన్‌, ఓటీపీ చెప్పరాదు. మోసం జరిగితే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయాలి.

అమెరికా నుంచి వచ్చిందైతే..

మన ప్రాంతంలో ఎక్కువమంది తడబడేది ఇక్కడే. 2022లో వచ్చిన ఐఫోను 14 మొదలుకొని అమెరికాలో అమ్మే ఐఫోన్లలో సిమ్‌ పెట్టే అరే ఉండదు. వాటిలో ఈ-సిమ్‌ మాత్రమే పనిచేస్తుంది. జియో, ఎయిర్‌టెల్‌, వొడాఫోన్‌ ఐడియా ఈ సౌకర్యం కల్పిస్తున్నాయి. బీఎస్‌ఎన్‌ఎల్‌ 2025లో దశలవారీగా ప్రారంభించింది. మీ నంబరుకు, మీ ప్రాంతంలో ఈ-సిమ్‌ ఇస్తారా అన్నది ముందే కనుక్కోవాలి. ఈ-సిమ్‌కు మారగానే పాత సిమ్‌ పనిచేయదు. కాబట్టి వాట్సప్‌ తరలింపు సంగతి చూసుకున్నాకే అందుకు దిగాలి.

అక్కడి నెట్‌వర్క్‌ సంస్థల వద్ద వాయిదాల్లో కొన్న ఫోన్లకు తాళం ఉండవచ్చు. సెట్టింగ్స్‌లో జనరల్‌, అందులో అబౌట్‌ తెరిస్తే క్యారియర్‌ లాక్‌ అనే వరుస కనిపిస్తుంది. అక్కడ ‘నో సిమ్‌ రిస్ట్రిక్షన్స్‌’ అని ఉంటేనే మన నెట్‌వర్క్‌లు పనిచేస్తాయి. ఆ ఫోనుకు ఇక్కడ వారంటీ వర్తిస్తుందా, అధీకృత సేవా కేంద్రం ఎంత దూరంలో ఉంది అన్న ప్రశ్నలకూ పిల్లలు విమానం ఎక్కకముందే జవాబు రాబట్టాలి.

వాడిన ఫోనుతో ప్రయోగమా?

ఒకసారి వాడి చూద్దామని పాత ఐఫోను కొనేవారు మరో విషయం గమనించాలి. అమ్మిన వ్యక్తి తన యాపిల్‌ ఖాతా నుంచి బయటకు రాకపోతే, అన్నీ చెరిపినా ఆ ఫోను కొత్త యజమానికి తెరుచుకోదు. ఆండ్రాయిడ్‌లోనూ గూగుల్‌ ఖాతాతో ఇటువంటి కట్టుబాటే ఉంది. అమ్మే వ్యక్తి ఎదుటే ఖాతా తొలగించి, ఫోనును మొదటి నుంచి సిద్ధం చేయించి చూసుకోవాలి. *#06# నొక్కితే వచ్చే ఐఎంఈఐ నంబరును కేవైఎం అన్న అక్షరాల తర్వాత ఖాళీ వదిలి టైపు చేసి 14422కు ఎస్‌ఎంఎస్‌ పంపితే ఆ ఫోను వివరాలు తెలుస్తాయి. అక్షరాలు ఇంగ్లిషులోనే ఉండాలి. సంచార్‌ సాథీ యాప్‌లోనూ చూసుకోవచ్చు.

చేతి అలవాటు, మన తెలుగు

ఆండ్రాయిడ్‌లో వెనక్కి వెళ్లే మీటకు అలవాటుపడిన వేలు ఐఫోనులో దాని కోసం వెతుకుతుంది. అక్కడ ఎడమ అంచు నుంచి లోపలికి జరపాలి. కుర్రకారుకు రెండు రోజుల్లో పట్టుబడే ఈ తేడా, పెద్దలకు నెల పట్టవచ్చు. కొనే ముందు దుకాణంలోనే వారి చేత తెలుగులో టైపు చేయించి, అక్షరాల పరిమాణం పెంచి చూపించడం మంచిది. గూగుల్‌ కీబోర్డు రెండింటిలోనూ లభిస్తుంది కనుక పాత అలవాటు కొంతవరకు కొనసాగుతుంది.

తెలుగుకు, ఐఫోనుకు మధ్య ఓ విచిత్రమైన ఘట్టం కూడా ఉంది. ‘జ్ఞా’ను పోలిన ఒక తెలుగు అక్షర కూర్పు సందేశంలో వస్తే ఐఫోన్లలో యాప్‌లు స్తంభించిపోతున్న సంగతి 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చర్చనీయాంశమైంది. అదే నెల 19న ఐఓఎస్‌ 11.2.6ను విడుదల చేసి యాపిల్‌ ఆ లోపాన్ని సరిదిద్దింది. ఏ వ్యవస్థా లోపరహితం కాదని, అప్‌డేట్లను వాయిదా వేయరాదని ఆ ఉదంతం చాటింది.

ఉద్యోగం కోసం ప్రత్యేక యాప్‌లు వాడే క్షేత్రస్థాయి సిబ్బంది, వేలిముద్ర పరికరాన్ని ఫోనుకు తగిలించి పనిచేసేవారు, ఆ యాప్‌ ఐఫోనులో ఉందో లేదో కార్యాలయంలో అడిగి తెలుసుకున్నాకే ముందడుగు వేయాలి.

తిరిగి వచ్చేవారికి..

ఐఫోను వదిలి ఆండ్రాయిడ్‌కు వచ్చేవారు సిమ్‌ తీసే ముందు సెట్టింగ్స్‌లో ఐమెసేజ్‌ను, ఫేస్‌టైమ్‌ను ఆపేయాలి. లేకుంటే అమెరికాలోని పిల్లలు తమ ఐఫోను నుంచి పంపే సందేశాలు ఇంకా పాత ఐఫోనుకే వెళ్లే ప్రమాదం ఉంది. ఫోను ఇప్పటికే చేజారినవారు యాపిల్‌ వెబ్‌సైట్‌లో తమ నంబరును తొలగించుకోవచ్చు. ఇక ఫేస్‌టైమ్‌ కోసమే ఐఫోను కొనాలనుకునేవారు ఓ సంగతి తెలుసుకోవాలి. ఐఫోను ఉన్నవారు లింకు పంపితే ఆండ్రాయిడ్‌లోని బ్రౌజర్‌ ద్వారా మాట్లాడే వీలు 2021 నుంచి ఉంది.

పాత తాళం అప్పగించే ముందు..

* వీలైతే మొదట వారం రోజులు సిమ్‌ను పాత ఫోనులోనే ఉంచి, కొత్తదానిని వైఫైతో వాడి చూడాలి. పాత ఫోనులోని వాట్సప్‌కు కొత్త ఫోనును అనుబంధ పరికరంగా జతచేసుకునే వీలు 2023 నుంచి ఉంది.
* నచ్చితే కొత్త ఫోనును చెరిపి, మొదటి నుంచి సిద్ధం చేస్తూ అన్నింటినీ ఒకేసారి తరలించుకోవాలి.
* తరలించే ముందు పాత ఫోనులో వాట్సప్‌ బ్యాకప్‌ తీసుకోవాలి. అవసరమైతే అదే నంబరు, అదే గూగుల్‌ ఖాతాతో మరో ఆండ్రాయిడ్‌ ఫోనులో దానిని తిరిగి పొందవచ్చు.
* గూగుల్‌, యాపిల్‌ ఖాతాల పాస్‌వర్డ్‌లు కాగితం మీద రాసి ఇంట్లో భద్రపరచాలి.
* వాట్సప్‌లో మొట్టమొదటి సందేశం వరకు వెనక్కి వెళ్లి చూడాలి. నాలుగైదు పాత వాయిస్‌ సందేశాలు వినాలి.
* ఒక చెల్లింపు, ఒక బ్యాంకు యాప్‌, ఒక ఓటీపీ సరిగా పనిచేశాయని నిర్ధారించుకోవాలి.
* ఇవన్నీ పూర్తయ్యాక కూడా పాత ఫోనును నెల రోజులు బీరువాలో ఉంచాలి. ఆ తర్వాతే ఖాతాలు తొలగించి, చెరిపి, అమ్ముకోవాలి.

మార్పిడిలో పాత ఫోనుకు దక్కే తగ్గింపు ఎంతన్నది అందరూ అడుగుతారు. అందులో ఏముందన్నది ఎవరూ అడగరు. తెనాలి పెద్దాయనకు చివరకు కొంత ఊరట లభించింది. కుటుంబ గ్రూపులో భార్య పంపిన రెండు వాయిస్‌ సందేశాలు కుమార్తె ఫోనులో దొరికాయి. గ్రూపులోకి వచ్చినవి సభ్యులందరి ఫోన్లలోనూ ఉంటాయి కనుక అవి మిగిలాయి. ఆయన ఒక్కరికే పంపినవి మాత్రం తిరిగి రాలేదు. ఇప్పుడు ఆ రెండింటినీ ఇంట్లో నలుగురూ తమ తమ ఫోన్లలో దాచుకున్నారు.